మూడు రాత్రుల ఇల్లు

నాలుగు రోజులుగా ఫోన్లో ఇళ్లు చూస్తున్నాను.
బెజవాడలో మూడు రాత్రులకి,
నలుగురు ఆడవాళ్లకి.

నాంచారికి మోకాలు మార్చారు, మెట్లు పనికిరావు.
షాహినాకి తెల్లారుజామున నమాజుకి
ఎవరి నిద్రా చెడని ఓ మూల కావాలి.
ఎస్తేరు ఒకటే అడిగింది:
"కిటికీలోంచి కాలవన్నా కనపడాలే,
ఏలూరు కాలవైనా సరే, బందరు కాలవైనా సరే."
నాకేం కావాలో ఎవరూ అడగలేదు.
వెతికేదాన్ని నేనే కదా.

లిఫ్టున్న ఇల్లు భవానీపురంలో దొరికింది.
ఫొటోలో మంచం మీద
తువ్వాళ్లతో చేసిన రెండు హంసలు.
ముప్ఫయ్యేళ్లు వార్డుల్లో దుప్పటి మూలలు మడిచినవాళ్లం,
ఆ మెడలు చూస్తే నవ్వాగలేదు.
వద్దనుకున్నాను.

బెంజి సర్కిల్ దగ్గర తొమ్మిదో అంతస్తు.
గోడ మీద గులాబిరంగు దీపాలతో 'ఇల్లే స్వర్గం'.
కింద సన్నటి అక్షరాల్లో: వంట చేయరాదు.
అసలు వంట చెయ్యకూడదనే వస్తున్నాం.
అయినా ఎవరో చెయ్యొద్దంటే
అప్పటికప్పుడు చింతపండు నానబెట్టాలనిపించింది.

కృష్ణలంకలోది బాగానే ఉంది.
ఓనరు ఫోన్లో గొంతు సవరించుకున్నాడు.
"మగవాళ్లెవరూ రారా అండి?"
రారండి.
"మరి మీరు ఒకళ్లకొకళ్లు ఏమవుతారు?"

ఏం చెప్పను.
గుంటూరు పెద్దాసుపత్రి హాస్టల్లో
రెండు మంచాలకి నలుగురం.
నైట్ డ్యూటీ దిగి నేనొచ్చేసరికి
ఎస్తేరు లేచి జడ అల్లుకుంటూ ఉండేది.
ఆమె పడుకున్న గుంటలోనే, ఆ వెచ్చదనంలోనే
చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా ఒరిగిపోయేదాన్ని.
దీనికి చుట్టరికం పేరేంటి?
"కలిసి పనిచేశామండి" అన్నాను.
ఆలోచించి చెప్తానన్నాడు.
చెప్పలేదు.

మా తోటికోడలికి కోపమొచ్చింది.
"పటమటలో మా ఇల్లుండగా అద్దె కొంపేంటక్కా,
నలుగురు వింటే ఏమనుకుంటారు?"
అక్కడ దిగితే కోడి కంటే ముందు తను లేస్తుంది.
మొదటి పెసరట్టు మాకు,
మాడిన ఆఖరిది తనకి.
మా నలుగురిలో ఎవరింట్లో కలిసినా అంతే.
ఒకళ్లు వంటింట్లోంచి
"మీరు కానివ్వండి, వచ్చేస్తున్నా" అంటూనే ఉండిపోతారు.
మాట్లాడుకునేది ఎప్పుడూ ముగ్గురే.
అందుకే కావాలి
ఎవరిదీ కాని ఇల్లు.

ఐదోరోజు మొగల్రాజపురం.
గ్రౌండ్ ఫ్లోరు.
కాలవ లేదు. కిటికీ నిండా కొండ,
మధ్యాహ్నం ఎండకి కమిలిన రాయి.
నడవాలో పాత బీరువా.
బీరువా అద్దంలో ఫొటో తీస్తున్న మనిషి,
తనకి తెలీకుండానే పడిపోయింది.
నైటీ మీద తువ్వాలు, చంకలో చీపురు,
మోచేతుల దాకా తడి.
వేళ్లతో పెద్దది చేసి చూశాను.
ఫోనుని రెండు చేతులా పట్టుకుని
పాదరసం ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నట్టు
కళ్లు చికిలించింది.

ఎవరిదీ కాదనుకున్నానా,
ఇదిగో, ఇప్పుడే తుడిచి నడుం ఎత్తిన మనిషి.
మేం నలుగురం కూచోవాలంటే
ఇంకెవరో నిలబడాల్సిందేనా?
తెలీదు.
డబ్బు కట్టేశాను.
ఎస్తేరుకి కాలవ సంగతి ఇంకా చెప్పలేదు.

సాయంత్రం ఫోను. ఆవిడే. పేరు తిరపతమ్మట.
"మేం పైనే ఉంటామండి.
వెనక తలుపు మొరాయిస్తది, కొంచెం పైకెత్తి తొయ్యండి.
టీ పొడి పెడతా, పాలు మటుకు మీయే."
గ్లాసులెన్ని ఉన్నాయని అడిగాను.
"నాలుగండి."
ఐదోది కూడా పెట్టమన్నాను.
కాసేపు మాట్లాడలేదు.
తర్వాత, కొంచెం మొహమాటంగా,
"మనిషి పెరిగితే రోజుకి
రెండొందలు ఎక్కువవుద్దండి" అంది.